తమ్ముడి ఆపరేషన్‌కి సంతకం ఎవరు పెట్టాలి? స్వలింగ వివాహాల చట్టం మీద మీరేమంటారు?

కృష్ణలంక_అమ్మాయి
మా ఇంట్లో రెండు వారాలుగా ఇదే గొడవ. బయట ఎవరితోనూ చెప్పుకోలేక ఇక్కడ రాస్తున్నాను. మా తమ్ముడికి 36 ఏళ్ళు, హైదరాబాద్‌లో ఉద్యోగం. తొమ్మిదేళ్ళుగా ఒకే అబ్బాయితో కలిసి ఉంటున్నాడు. చుట్టాలకి "రూమ్మేట్" అని చెబుతాం. నాకూ, అమ్మకూ, మా ఆయనకూ అసలు విషయం తెలుసు. నాన్న లేరు.

పోయిన నెలలో ఒకరోజు రాత్రి పదకొండింటికి తమ్ముడికి బండి మీద యాక్సిడెంట్ అయింది. తలకి దెబ్బ, స్పృహ లేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఆ అబ్బాయే. అడ్వాన్స్ కట్టాడు, బ్లడ్ గ్రూప్ ఏంటో, ఏ మందు పడదో అన్నీ అతనే చెప్పాడు. తీరా ఆపరేషన్ దగ్గరికి వచ్చేసరికి "మీరు పేషెంటుకి ఏమవుతారు?" అని అడిగారట. "ఫ్రెండ్" అన్నాడు. ఇంట్లోవాళ్ళు రావాల్సిందే అన్నారు. నేను విజయవాడలో కారు మాట్లాడుకుని చేరేసరికి తెల్లవారుజామున నాలుగు దాటింది. నేను సంతకం పెట్టాకే లోపలికి తీసుకెళ్ళారు.

తమ్ముడు ఇప్పుడు లేచి తిరుగుతున్నాడు. కానీ ఆ ఐదు గంటలూ ఆ అబ్బాయి వరండాలో కాళ్ళకి చెప్పులు కూడా లేకుండా నిలబడే ఉన్నాడు. అది నా కళ్ళ ముందు నుంచి పోవట్లేదు.

"వీలునామా, నామినీ రాసుకుంటే సరిపోతుంది, దానికి పెళ్ళి చట్టం ఎందుకు?" అంటారు మా ఆయన. అమ్మేమో "పెళ్ళంటూ ఉంటే, అతను ఏమవుతాడో చెప్పడానికి ఒక మాట ఉండేది కదే" అంటుంది. చట్టం వస్తే నిజంగా తేడా ఉంటుందా?

పద్మక్క_కాకినాడ
తమ్ముడు కోలుకున్నాడు, ముందు అది చాలు. ఆ పిల్లాడి సంగతేంటమ్మా? అంత రాత్రి అతనికి ఎవరైనా ఒక టీ అయినా ఇచ్చారా?

కృష్ణలంక_అమ్మాయి
లేదక్కా. పొద్దున నేనే బలవంతంగా ఇడ్లీ తినిపించాను. రెండు ముక్కలు తిని ఏడ్చాడు.

తెనాలి72
నేను రిటైరైన టీచర్‌ని. ఉన్నమాట చెబుతాను, కోపం తెచ్చుకోవద్దు. ఆసుపత్రిలో జరిగింది అన్యాయమే. దానికి ఆసుపత్రి నిబంధన మార్చాలి. పెళ్ళి అనే మాట అర్థాన్ని మార్చడం ఎందుకు? మనకి పెళ్ళంటే రెండు కుటుంబాలు కలవడం, కన్యాదానం, తరవాత సంతానం. వేల ఏళ్ళుగా నిలబడిన పద్ధతి అది. వాళ్ళని జైల్లో పెట్టమని నేను అనను. స్వలింగ సంబంధాన్ని నేరం చేసిన 377 సెక్షన్ పోయింది, మంచిదే. కలిసి ఉండనివ్వండి, ఆస్తి రాసుకోనివ్వండి. పెళ్ళి మాత్రం వద్దు.

ఇంకో మాట. ఇలాంటివి ఢిల్లీలో ఐదుగురు జడ్జీలు తేల్చేవి కావు, ప్రజలు ఎన్నుకున్న సభ తేల్చాలి.

వకీలు_హనుమకొండ
తెనాలి మాస్టారూ, స్వలింగ వివాహాల కేసులో సుప్రీంకోర్టు కూడా చివరికి అదే చెప్పింది. చాలామందికి ఆ తీర్పు సగమే గుర్తుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఆ కేసు మొదలుపెట్టిన జంటల్లో ఒకటి మన హైదరాబాద్‌దే. సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్. 2021 డిసెంబరులో ఇక్కడే బంధుమిత్రుల మధ్య వేడుక చేసుకున్నారు, 2022లో సుప్రీంకోర్టుకి వెళ్ళారు. ఇంకా చాలామంది పిటిషన్లు కలిశాయి. 2023 ఏప్రిల్, మే నెలల్లో పది రోజులు వాదనలు నడిచాయి. అక్టోబరు 17న తీర్పు వచ్చింది.

ఐదుగురు జడ్జీలూ ఒప్పుకున్న మాట: పెళ్ళి ప్రాథమిక హక్కు కాదు, మతంతో పని లేకుండా రిజిస్ట్రార్ దగ్గర పెళ్ళి చేసుకునే 1954 నాటి స్పెషల్ మ్యారేజ్ యాక్ట్‌ని కోర్టు తిరగరాయకూడదు, అది పార్లమెంటు పని. తేడా వచ్చింది ఆ తరవాత. పెళ్ళి అనకపోయినా ఆ బంధానికి చట్టంలో ఒక గుర్తింపు ఉండాలని, ఇద్దరూ కలిసి దత్తత తీసుకోవచ్చని అన్నవాళ్ళు ఇద్దరే, అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, జస్టిస్ కౌల్. జస్టిస్ భట్, జస్టిస్ హిమా కోహ్లీ, మన హైదరాబాద్ నుంచి వెళ్ళిన జస్టిస్ నరసింహ కాదన్నారు. 3-2. మళ్ళీ చూడమని వేసిన పిటిషన్లు 2025 జనవరిలో కొట్టేశారు. అంటే "పెళ్ళి సంగతి సభే తేల్చాలి" అన్న తెనాలి మాస్టారి మాట నెగ్గడమే కాదు, పెళ్ళి పేరు లేని గుర్తింపు కూడా రాలేదు.

మెల్బోర్న్_మూర్తి
2023లో కేంద్రం రాష్ట్రాల అభిప్రాయం అడిగితే వద్దని చెప్పిన మూడింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. రాజస్థాన్, అస్సాం మిగతా రెండు. మన ఊళ్ళ పేరు అందులో చూసి ఆ రోజు చాలా బాధపడ్డాను.

తెనాలి72
మన ప్రభుత్వం మత పెద్దలని కనుక్కునే చెప్పింది. అందులో తప్పేముంది?

రెండో_కాఫీ
మత పెద్దలని కనుక్కున్నారు సరే. మాలాంటివాళ్ళని ఎవరూ అడగలేదు.

నేను గే కాదు. ఒక గే అబ్బాయిని పెళ్ళి చేసుకున్న ఆడదాన్ని. 2012లో పెద్దలు కుదిర్చిన సంబంధం. 400 మందికి భోజనాలు, కన్యాదానం, అప్పగింతలు, మాస్టారు చెప్పినవన్నీ జరిగాయి. రెండేళ్ళు నాలో ఏ లోపం ఉందా అని అద్దం ముందు నిలబడి ఏడ్చాను. అత్తగారు నన్ను డాక్టర్ల చుట్టూ, గుళ్ళ చుట్టూ తిప్పారు. చివరికి ఒకరోజు అతనే కింద కూర్చుని చెప్పాడు. వాళ్ళ అమ్మానాన్నలకి పెళ్ళికి ముందే తెలుసట! "పెళ్ళయితే అదే సర్దుకుంటుంది" అని నా మెడలో తాళి కట్టించారు.

విడాకులకి ఇంకో రెండేళ్ళు పట్టింది. అతని మీద నాకు ఇప్పుడు కోపం లేదు, అతన్నీ తోశారు. కానీ మగవాడు మగవాణ్ణి చేసుకోవచ్చు అని ఈ దేశంలో ఒక మాట చట్టంలో ఉండి ఉంటే, వాళ్ళ అమ్మానాన్నలకి దాచాల్సినంత భయం ఉండేది కాదు. నా నాలుగేళ్ళు నాకు మిగిలేవి. ఈ చట్టం గురించి మాట్లాడేటప్పుడు మమ్మల్ని కూడా లెక్కలో వేసుకోండి.

పద్మక్క_కాకినాడ
తల్లీ, చదువుతుంటే గుండె బరువెక్కింది. ఇలాంటిది మా దగ్గరి బంధువుల్లోనే ఒకటి జరిగింది. ఆ అమ్మాయి మటుకు ఇప్పటికీ నోరు విప్పలేదు.

చిన్నోడు_సిద్దిపేట
అన్నా వదినలందరూ బాగా చెప్తున్నరు గానీ నాకో డౌట్. చట్టం వచ్చినంత మాత్రాన ఊర్లో మారుతదా? కులం వేరైతేనే చంపుతున్నరు.

గోదారి_గట్టు
చిన్నోడా, దీనికి జవాబు మా రాజమండ్రిలోనే ఉంది. వితంతువుల పెళ్ళికి చట్టం వచ్చింది 1856లో. వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. మధ్యలో పాతికేళ్ళు. ఆ పాతికేళ్ళూ చట్టం కాగితం మీదే ఉంది, నిజమే. కానీ పంతులు గారు నిలబడిన రోజున ఆ కాగితం లేకపోతే? ఆ దంపతుల పిల్లలకి వారసత్వం ఉండేది కాదు, ఆ పెళ్ళి పెళ్ళే కాదని ఎవడైనా కోర్టుకెక్కేవాడు. ఊరు వెలివేసింది, వంటవాళ్ళు రామన్నారు, గుడిలోకి రానివ్వలేదు. అంత జరిగినా పెళ్ళి చెల్లింది. చట్టం ముందు వస్తుంది, ఊరు నెమ్మదిగా వస్తుంది. ఊరు మారాకే చట్టం అంటే మా నాయనమ్మ చెల్లెలు తొమ్మిదేళ్ళకే గుండుతో ఉండిపోయినట్టే ఇంకా ఉండేవాళ్ళం.

అప్పుడు కూడా వద్దన్నవాళ్ళు సంప్రదాయం అనే అన్నారు మాస్టారూ.

తెనాలి72
ఆ పోలిక నేను ఒప్పుకోను. అక్కడ వరుడు, వధువు ఉన్నారు. శాస్త్రంలో ప్రమాణం కూడా చూపించారు. ఇక్కడ పునాదే వేరు. అయినా గోదారి_గట్టు గారి నాయనమ్మ చెల్లెలి సంగతి చదివి కాసేపు ఆగాను. మా మేనత్తా అంతే.

నిశ్శబ్దం
చాలా రోజులుగా ఈ వేదిక చదువుతున్నా, ఎప్పుడూ రాయలేదు. నేను గే. చిన్న ఊళ్ళో ఉద్యోగం, ఊరి పేరు చెప్పను.

ముందుగా ఒక చిన్న విన్నపం. దయచేసి "స్వలింగ సంపర్కులు" అనే మాట వాడకండి. పేపర్లు, టీవీ అంతా అదే రాస్తాయి. సంపర్కం అంటే ఏమిటో అందరికీ తెలుసు. మీ అక్కాబావల్ని ఎవరైనా "భిన్నలింగ సంపర్కులు" అని పరిచయం చేస్తారా? మా జీవితం మొత్తం ఆ ఒక్క మాటలో పడక మీదికి వెళ్ళిపోతుంది. అతనికి జ్వరమొస్తే నేను కాచే చారు, నెలాఖరున ఇద్దరం వేసుకునే లెక్కలు, వాళ్ళ నాన్న మందులు, ఇవేవీ ఆ మాటలో లేవు. గే అనండి, లెస్బియన్ అనండి, అర్థమవుతుంది. "స్వలింగ ప్రేమికులు" అన్నా సంతోషమే.

ఇక పెళ్ళి సంగతి. మాకు మేళతాళాలు అక్కర్లేదు. రిజిస్ట్రార్ ఆఫీసులో రెండు సంతకాలు, ముగ్గురు సాక్షులు, అంతే.

పద్మక్క_కాకినాడ
నిజమే నాయనా, ఇన్నాళ్ళూ ఆలోచించకుండా అదే మాట అనేదాన్ని. ఇక అనను. చారులో మిరియాలు ఎక్కువ వెయ్యి, జ్వరానికి మంచిది.

వకీలు_హనుమకొండ
నిశ్శబ్దం గారు అన్న రిజిస్ట్రార్ ఆఫీసు పెళ్ళి స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కిందికే వస్తుంది. అందులో ఒక సంగతి ఉంది. నాలుగో సెక్షన్ మొదలయ్యేదే "ఏ ఇద్దరు వ్యక్తుల మధ్యయినా" అని. అక్కడే ఆగి ఉంటే గొడవే లేదు. కింద వయసు దగ్గర పురుషుడికి 21, స్త్రీకి 18 అని రాశారు. ఆ వయసు షరతు చుట్టూ చాలా వాదన నడిచింది. ఆ పదాలు మారిస్తే భరణం, వారసత్వం లాంటి ఎన్నో చట్టాలు కదులుతాయని ప్రభుత్వం అంది. చట్టాలు కదిలేమాట నిజమే, చాలా పని ఉంటుంది. కానీ నేపాల్‌లో 2023 నవంబరులో మొదటి పెళ్ళి రిజిస్టర్ అయింది. తైవాన్ 2019లో, థాయ్‌లాండ్ 2025 జనవరిలో అమల్లోకి తెచ్చాయి. ఆ దేశాల్లోనూ భరణాలు, వారసత్వాలు ఉన్నాయి కదా.

చిన్నోడు_సిద్దిపేట
ఆ యాక్ట్‌ల నెల రోజుల నోటీసు ఒకటుంటది. ఆఫీసుల గోడకు పేర్లు అంటిస్తరు. మాది కులాంతరం, ఆ కాగితం చూసే మా పెదనాన్న మనుషుల్ని ఏసుకొని వచ్చిండు. నిశ్శబ్దం అన్నా, చట్టం మారితే గా నోటీసు కూడా తీసెయ్యాలె, లేకుంటే మీకు ఇంకా డేంజర్.

నిశ్శబ్దం
ఆ నోటీసు గురించి తలచుకుంటేనే టెన్షన్. మా ఇద్దరి పేర్లు, అడ్రసు ఆ గోడ మీద నెల రోజులు... మీ ఇద్దరూ ఇప్పుడు బాగున్నారా?

చిన్నోడు_సిద్దిపేట
మంచిగున్నం. బిడ్డకు మూడేండ్లు. పెదనాన్ననే ఎత్తుకొని తిప్పుతడు ఇప్పుడు.

మెల్బోర్న్_మూర్తి
ఇక్కడ ఆస్ట్రేలియాలో 2017లో జనాన్ని పోస్టులో అడిగారు. 61.6 శాతం అవునన్నారు, డిసెంబరుకల్లా చట్టం అయింది. అప్పుడు నేను వద్దనే పక్షం. ఓటు లేదు కానీ ఉంటే వద్దనే వేసేవాణ్ణి. తరవాత మా పక్క వీధిలో ఇద్దరు తెలుగమ్మాయిలు పెళ్ళి చేసుకున్నారు. ఉగాది పచ్చడి మా ఇంటికి పంపేది వాళ్ళే. వాళ్ళని చూస్తూ చూస్తూ నా అభిప్రాయం కరిగిపోయింది, ఏ వాదనా నన్ను మార్చలేదు.

ఒకమ్మాయి వాళ్ళ అమ్మకి బాగాలేక ఇద్దరూ గుంటూరు వెళ్ళారు. ఇక్కడ భార్యాభర్తల్లాంటి వాళ్ళు, విమానం దిగగానే ఫ్రెండ్స్ అయిపోయారు. అక్కడి చట్టానికి వాళ్ళ సర్టిఫికెట్ ఒక మామూలు కాగితం. తిరిగొచ్చాక "అంకుల్, హైదరాబాద్‌లో దిగగానే మా పెళ్ళి పోయింది" అంది.

తెనాలి72
మూర్తి గారూ, మీ మాట కాదనను. కానీ నా ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. పెళ్ళి అనే పేరే ఎందుకు? అదే హక్కులు వేరే పేరుతో ఇస్తే చాలదా?

రెండో_కాఫీ
మాస్టారూ, వేరే పేరుతో ఇచ్చినా మొదట సంతోషంగానే తీసుకుంటారు. ఆ ఇద్దరు జడ్జీలు ఇస్తామన్నదీ అదే, అదీ దక్కలేదు. అయినా ఆసుపత్రి కౌంటర్‌లో అడిగేది "ఏమవుతారు?" అనే కదా. దానికి "మేము ఫలానా చట్టం కింద నమోదైన సహజీవన భాగస్వాములం" అని చెప్పి, అవతలివాళ్ళకి అర్థమయ్యేలా వివరించేలోపు లోపల ఉన్న మనిషి ఏమైపోవాలి? "భర్తని" అంటే ఇంకెవరూ ఏమీ అడగరు.

కృష్ణలంక_అమ్మాయి
అమ్మ అన్నది సరిగ్గా ఇదే. రెండో_కాఫీ గారూ, మీ పోస్టు మా ఆయనకి చదివి వినిపించాను. ఏమీ మాట్లాడలేదు, లేచి వెళ్ళి నీళ్ళు తాగొచ్చారు.

వకీలు గారూ, చట్టం ఎప్పుడొస్తుందో తెలియదు. ఈలోపు ఏం కాగితాలు చేసుకోవాలి?

వకీలు_హనుమకొండ
ముందు ఆసుపత్రి. ప్రాణం మీదికొచ్చిన ఎమర్జెన్సీలో డాక్టరు బంధువుల సంతకం కోసం ఆగాల్సిన పని లేదు. ఆగేది భయం వల్ల, రేపు ఇంట్లోవాళ్ళు వచ్చి గొడవ చేస్తారని. కాబట్టి మీరు, అమ్మగారు కలిసి "మేము లేనప్పుడు ఇతని మాట మా మాటే" అని ఒక కాగితం రాసి ఇవ్వండి. చట్టంగా దానికి పెద్ద బలం లేదు, కానీ కౌంటర్ దగ్గర భయం తీరుస్తుంది. పవర్ ఆఫ్ అటార్నీని మాత్రం నమ్ముకోవద్దు. మనిషికి తెలివి తప్పిందంటే, సరిగ్గా అవసరమైన ఆ గంటలోనే అది చెల్లదనే ప్రశ్న వస్తుంది.

2024లో కేంద్రం ఇలాంటి జంటల కోసం కొన్ని ఉత్తర్వులు, సూచనలు ఇచ్చింది. జాయింట్ బ్యాంకు ఖాతా తెరవచ్చు, నామినీగా పెట్టుకోవచ్చు, రేషన్ కార్డులో ఒకే ఇంటివాళ్ళుగా చూడాలి. ఆరోగ్య శాఖ ఇంకోటి చెప్పింది: దగ్గరి బంధువులు లేనప్పుడు భౌతిక కాయాన్ని భాగస్వామికి అప్పగించాలి అని. ఆ "లేనప్పుడు" అన్న మాట చూశారుగా. పదేళ్ళుగా ముఖం చూడని బాబాయి వచ్చి నిలబడితే ఆయనదే హక్కు.

నామినీ అంటే యజమాని అనుకోకండి. నామినీ డబ్బు తీసుకుని వారసులకి ఇచ్చే మనిషి మాత్రమే. ఇన్సూరెన్స్‌లో నామినీకే పూర్తిగా చెందేది తల్లిదండ్రులో, భార్యో, భర్తో, పిల్లలో అయినప్పుడు. పీఎఫ్‌లో కుటుంబం ఉంటే బయటివాళ్ళని నామినీగా పెట్టనివ్వరు. వీలునామా లేకుండా మీ తమ్ముడికి ఏదైనా అయితే మొత్తం ఆస్తి మీ అమ్మగారిది. తొమ్మిదేళ్ళు ఈఎంఐ సగం కట్టిన మనిషికి రూపాయి రాదు. వీలునామా తప్పనిసరి.

అంతా చేశాక కూడా ఇన్ని కాగితాలతో వచ్చేది, పక్కింటి దంపతులకి ఒక్క మ్యారేజ్ సర్టిఫికెట్‌తో వచ్చేదాంట్లో పావు వంతు. వీలునామాలన్నీ రాసేవాణ్ణి నేనే, అందుకే చెబుతున్నాను, వీటితో సరిపెట్టుకోమనడం న్యాయం కాదు.

గోదారి_గట్టు
ఆ అబ్బాయి తన జీతంలోంచి తమ్ముడికి లక్ష ఇచ్చినా పన్ను కట్టాలి కదా వకీలు గారూ? భార్యాభర్తలకైతే లేదు.

వకీలు_హనుమకొండ
అవును. బంధువు కాని వాళ్ళ నుంచి ఏడాదికి 50 వేలు దాటి వస్తే ఆదాయమే. చట్టం దృష్టిలో ఆ ఇద్దరూ బయటివాళ్ళు.

కాస్త వెలుతురు కూడా చెప్పాలి. 2024 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక లెస్బియన్ జంట కేసులో, వాళ్ళు మేజర్లు, కలిసి బతకవచ్చు, తల్లిదండ్రులు అడ్డుపడకూడదని చెప్పింది. ఒకమ్మాయిని ఇంట్లోవాళ్ళు పట్టుకెళ్తే రెండో అమ్మాయి కోర్టుకొచ్చింది. మరుసటి ఏడాది మద్రాసు హైకోర్టు ఇంకో అడుగు వేసి, పెళ్ళి ఒక్కటే కుటుంబానికి దారి కాదంది.

నిశ్శబ్దం
ఆ హైకోర్టు వార్త వచ్చిన రాత్రి ఫోన్‌లో మళ్ళీ మళ్ళీ చదివాను. మన పక్క జిల్లాల వార్తల మధ్య, మామూలు అక్షరాల్లో, మమ్మల్ని బతకనివ్వమని ఉంది.

తెనాలి72
పెళ్ళి అనే మాట దగ్గర నేను మారలేదు, మారినట్టు నటించను. కానీ వకీలు గారు చెప్పిన బాబాయి సంగతి నా నిద్ర పాడుచేసింది. మోసినవాడికి కొరివి పెట్టే హక్కు లేకపోవడం ఏ శాస్త్రమూ చెప్పదు. దానికి చట్టం రావాలి. నా ఎంపీకి ఉత్తరం రాస్తాను, నాకు తెలుగులో ఉత్తరం రాయడం వచ్చు. ఇందులో ఏ ఏ విషయాలు అడగాలో వకీలు గారు వరసగా చెప్పగలరా?

వకీలు_హనుమకొండ
రేపు సాయంత్రంలోగా పంపిస్తాను మాస్టారూ.

కృష్ణలంక_అమ్మాయి
తమ్ముడు వీలునామా రాయిస్తున్నాడు, ఫ్లాటు ఆ అబ్బాయి పేరున. ఇద్దరు సాక్షులు కావాలని చెప్పగానే అమ్మ "ఒకటి నేను పెడతా" అంది. వకీలు గారూ, అమ్మ పెట్టొచ్చా? ఆస్తి రావాల్సింది ఆవిడకే కదా.

వకీలు_హనుమకొండ
నిక్షేపంగా పెట్టొచ్చు. దాన్ని మించిన సాక్ష్యం లేదు. వారసురాలే స్వయంగా సంతకం పెట్టిన వీలునామా మీద రేపు ఎవరు కోర్టుకెళ్ళినా వాళ్ళ కేసు నిలబడటం కష్టం. రిజిస్టర్ కూడా చేయించండి. రేపు మంగళవారమే స్లాట్ దొరుకుతుందేమో చూడండి.

కృష్ణలంక_అమ్మాయి
మంగళవారం వద్దంది అమ్మ. బుధవారం పదిన్నరకి తీసుకున్నాం. ఆ రోజు కట్టుకోవడానికి పెళ్ళిళ్ళకి కట్టుకునే పట్టుచీర బీరువాలోంచి తీసి ఎండకి ఆరేసింది.